పద్నాలుగో నంబరు ఆడ నీటి ఎలుక

పెంపక కేంద్రం డైరెక్టరుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆడ నీటి ఎలుక నంబరు 14ను శుక్రవారం తొలగించవలెనన్న ఆదేశమును నిలుపుదల చేయుట గురించి, రిజిస్టరులో నా వల్ల జరిగిన తప్పు గురించి.

వాగు ఒడ్డున బొరియల్లో బతికే నీటి ఎలుకలు కనుమరుగవుతున్నాయని, వాటిని పెంచి మళ్లీ వాగుల్లో వదిలే ఈ కేంద్రంలో పదకొండేళ్లుగా పుట్టుకల రిజిస్టరు రాస్తున్నాను. నా చేతిరాత మీద నేనే ఫిర్యాదు చేసుకోవలసి వస్తుందని అనుకోలేదు. ఈ దిగువ సంగతులు మనవి చేసుకుంటున్నాను.

1. సదరు ఆడది మూడు కాన్పుల్లోనూ పిల్లల్ని దక్కించుకోలేదు గనుక "సంతానయోగ్యత లేనిది" అని ఆదేశంలో రాశారు. తొలగించడమంటే చంపడమేనని తమకూ తెలుసు, నాకూ తెలుసు. అదే కాగితంలో, దానితో జతకట్టిన మగ నంబరు 17కు ఇంకో ఆడదాన్ని చూడమన్నారు. బోన్లు శుభ్రం చేసే అక్కకి ఇది చదివి వినిపిస్తే, "పిల్లలు నిలవకపోతే ఆడదాన్ని మార్చేయడం ఎలకల్లో కూడా ఉందామ్మా?" అంది.

2. ఆ జంట తోబుట్టువులై ఉండవచ్చు. కిందటేడు వాన నీళ్లు షెడ్డులోకి వచ్చిన ఉదయం, పక్కపక్క బోన్లలో ముందురోజే ఈనిన రెండు తల్లుల పిల్లల్నీ అక్కా నేనూ ఒకే బకెట్లో ఎత్తాం. తొమ్మిది. కళ్లు తెరవనివి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేనివి. నీళ్లు తీశాక రెండు బోన్ల తలుపులూ తెరిచి, మధ్యలో గుడ్డ పరిచి వాటిని పెట్టాను. ఏ తల్లి ఏ పిల్లను నోట కరుచుకుపోతే ఆ పిల్లను ఆ తల్లి పేర రాశాను. ఒకటి ఆరింటిని తీసుకుంది, రెండోది మూడింటిని. మంచి పద్ధతి దొరికిందని కాస్త గర్వపడ్డాను కూడా.

3. అక్క అప్పుడే చెప్పింది: "నిన్న సాయంత్రం గడ్డి తీసి లెక్కపెట్టానమ్మా. ఆరు తీసుకున్నదానికి నాలుగే. మూడు తీసుకున్నదానికి అయిదు. తల్లికి లెక్కలేం తెలుసు, ఎదురుగా ఏది ఏడిస్తే దాన్ని ఎత్తుకుంటుంది."

"గడ్డిలో సరిగ్గా కనపడి ఉండదులే అక్కా" అన్నాను. ఆమె చదువుకోలేదు, నేను చదువుకున్నాను. ఆమె లెక్కను కొట్టిపారెయ్యడానికి నాకున్న ఆధారం అంతే. ఆమె లెక్క నిజమైతే ఆ ఆరింటిలో కనీసం రెండు పక్క తల్లివి. 14 ఆ ఆరింటిలోది. 17 మిగతా మూడింటిలోది. 14 ఆ రెండింటిలో ఒకటైతే రెండూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. అన్నాచెల్లెళ్లకి పుట్టిన పిల్లలు బలం లేక పోతాయని తెలిసి, ఇవి వేర్వేరు తల్లుల బిడ్డలని సంతకం చేసింది నేనే.

4. అది పిల్లల్ని పట్టించుకోలేదని కూడా ఆదేశంలో ఉంది. మూడో కాన్పులో చచ్చిపుట్టిన నాలుగింటినీ అది రెండు రోజులపాటు బోను ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి మోసింది. "చోటు నచ్చక లేవట్లేదనుకుంటోందమ్మా" అంది అక్క. నేను రిజిస్టరులో "తల్లి ప్రవర్తన: నిలకడ లేదు" అని రాశాను. తమరు చదివింది ఆ మాటే అయి ఉంటుంది.

5. నోటిమాటగా విన్నవించుకున్నప్పుడు తమరు, "రిజిస్టరే తప్పంటే ఇన్నేళ్ల పని ఏమైపోవాలమ్మా, ఒక్క ఎలక కోసం?" అన్నారు. ఇంట్లో మా ఆయన, "లోకమంతా ఎలకల్ని చంపించమని అర్జీలు పెడుతుంటే నువ్వేంటే, బతికించమంటావు" అని నవ్వాడు. ఆయనకి నవ్వొచ్చింది సరే. తమరు అడిగింది మాత్రం సరైన ప్రశ్నేనేమోనని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ పని ఏమైపోవాలో నాకూ తెలియదు.

కావున తమరు దయతలచి, రెండు జీవాల వెంట్రుకలనూ రక్తసంబంధం తేల్చే పరీక్షకు పంపించి, ఫలితం వచ్చేవరకూ 14ను దాని బోనులోనే ఉండనివ్వవలెననీ, ఎవరికైనా మెమో ఇవ్వదలిస్తే నాకే ఇచ్చి, సరిగ్గా లెక్కపెట్టిన అక్క జోలికి పోవద్దనీ ప్రార్థన. శుక్రవారానికి రెండే రోజులున్నవి గనుక వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పుట్టుకల రిజిస్టరు రాయు ఉద్యోగిని

మరొక మనవి: అయ్యా, పైనదంతా రాశాక మళ్లీ లెక్క వేసుకున్నాను. ఆరింటిలో రెండే పరాయివైతే, 14 వాటిలో ఒకటి కాకపోవడానికే అవకాశం ఎక్కువ. పరీక్షలో అలాగే తేలితే నా వాదన నిలవదు. మూడు కాన్పులు ఎందుకు పోయాయో నేను చెప్పలేను. తమ ఆదేశమే సబబవుతుంది. అప్పుడు కూడా దాన్ని చంపకండి. ఈ మాట ఏ నంబరు కింద రాయాలో తెలియక ఇక్కడ రాశాను.