నార్మల్ అని వచ్చింది

బుధవారం

అన్న లివర్‌లోంచి క్యాన్సర్ గడ్డ తీసేసి ఏడాదైంది. జబ్బు మళ్లీ తిరగబెడుతోందేమో పసిగట్టే రక్తపరీక్ష రిపోర్టు సాయంత్రం ఫోన్‌కి వచ్చింది. పచ్చరంగులో 'నార్మల్' అని ఉంది. అన్న నార్సింగి చౌరస్తాకెళ్లి జిలేబీ తెచ్చాడు. "ఇగ ఏం ఫికర్ లేదు చెల్లే!"

నాకు మాత్రం ఆ పచ్చరంగు చూస్తేనే ఒళ్లు మండింది. అంకె పోయినసారి కంటే రెట్టింపైంది. డాక్టర్‌కి ఫోన్ చేశాను. "హద్దులోనే ఉందండి, కానీ పెరుగుతోంది. రేపే స్కాన్ చేయిద్దాం" అన్నారు.

ఆఫీసులో నా పనే అది, సర్వర్ల మీద లోడు చూపే గ్రాఫు ప్రమాదపు ఎర్రగీత దాటకముందే అందరినీ లేపడం. ఇంట్లో మాత్రం "రేపు మామూలు స్కానేలే అన్నా" అన్నాను.

జిలేబీ చేతిలో పెడుతూ, నా మొహం చూడకుండా అడిగాడు: "పోయినసారి ఎంతుండె?"