కోటు దాటడం నేర్పి గడప దగ్గర ఆగిపోయిన కాప్టెను గారి గురించి

జిల్లా పోలీసు అధిపతి కర్నలు గారి సముఖమునకు,
తాష్-కాప్కా గ్రామ పాఠశాల పదకొండో తరగతి విద్యార్థిని జిబెక్ సాతారోవా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా బడిలో పోలీసు శాఖ వారు నడుపుతున్న "నమ్మకపు గంట" – దాని వలన మాకు కలిగిన నమ్మకానికి తగిన పని చేయుట, లేనిచో ఆ నమ్మకాన్ని శాఖ వారే తిరిగి తీసుకొనుట – గురించి. శుక్రవారం లోపల.

1. నా వయసు పదిహేడు. అమ్మా నాన్నా రష్యాలో కట్టడం పనుల్లో ఉన్నారు. ఇంట్లో నేను, అక్క ఐసులూ, నాయనమ్మ బురుల్ ఉంటాం. అక్క కుట్టు కేంద్రంలో పనిచేస్తుంది. చేసేది. ఏది రాయాలో తేల్చుకోలేక రెండూ రాశాను.

2. తమరి శాఖకు చెందిన కాప్టెను మెదెర్ జూనుషేవ్ గారు పోయిన శరత్కాలం నుంచి మా బడికి వస్తున్నారు. పిల్లలకు పోలీసు మీద భయం పోవాలని పైనుంచి ఆదేశమట. నేను మొదట ఎదురు తిరిగాను. మా గ్రంథాలయంలో కిటికీ కొట్టుకోకుండా ఎవరో ఆనించిన కరపత్రాల కట్ట ఉండేది. దాన్ని విప్పి అన్నీ చదివినదాన్ని. అధికారం నవ్వుతూ వచ్చినప్పుడే ఎక్కువ ప్రశ్నలు అడగాలని వాటిలో ఉంది. అందుకని మొదటి రోజే లేచి అడిగాను.

"మీరు మమ్మల్ని నమ్మించడానికి వచ్చారా, మాకు నమ్మకంగా ఉండటానికి వచ్చారా?"

"అబ్బో! ఈ పిల్ల మా కర్నలు కంటే గట్టిగా అడుగుతోందే," అన్నారు. క్లాసంతా నవ్వింది. తరవాత ఆయన నవ్వు ఆపి, "రెండోదానికేనమ్మా," అన్నారు. ఆ మాట తమరికి తెలియవలెనని యథాతథంగా రాస్తున్నాను.

3. మార్చి నెల గంటలో ఆయన ఎత్తుకెళ్ళి చేసే పెళ్ళిళ్ళ గురించి చెప్పారు. అది నేరమన్నారు, జైలన్నారు. అవి మాకు తెలుసు. తెలియనిది కాలు ఎలా ఎత్తాలన్నదే. పిల్లను లోపలికి తోశాక ఆ ఇంటి ముసలావిడ గడపకు అడ్డంగా పడుకుంటుంది. దాటిపోతే ఆవిడ ఉసురు తగిలి కడుపు పండదని, ఇల్లు నిలవదని మాకు ఊయలలో ఉన్నప్పటినుంచీ చెబుతారు. తాళం అక్కర్లేదు.

కాప్టెను గారు సుద్దముక్కతో నేల మీద గీత గీశారు. తన పొడుగాటి యూనిఫాం కోటు విప్పి ఆ గీత మీద అడ్డంగా పరిచారు.

"ఇదే ముసలమ్మ. ఒక్కొక్కరే దాటండి."

"అన్నా, కోటు తిడుతోంది!" అన్నాడు వెనక బెంచీ ఎర్లాన్.

"తిట్టనీరా. తిట్లకు ఎముకలు విరగవు. దాటు తల్లీ, దాటు. ఎవరైనా ఆపితే నాకు ఫోన్ చెయ్యి. నేనే వచ్చి ముందు దాటతా."

ఆడపిల్లలం అందరం దాటాం. ఒక్కొక్కరికీ చప్పట్లు కొట్టారు. గుల్షాన్ టీచరు గారు ఫోటో తీశారు. ఆయన నంబరు నేను చేతి మీద రాసుకుని, ఇంటికి వెళ్ళి తలుపు వెనక గోడ మీద రాశాను.

4. పోయిన ఆదివారం సాయంత్రం అక్క కుట్టు కేంద్రం నుంచి వస్తుండగా కారులో ఎక్కించుకుని పోయారు. పక్క ఊరి తాలాయ్ అనే బస్సు డ్రైవరు, అతని స్నేహితులు. అక్క అతన్ని రెండుసార్లు చూసింది. రెండుసార్లూ టికెట్టు డబ్బులు ఇవ్వడానికి.

నేను గోడ మీది నంబరుకు ఫోన్ చేశాను. కాప్టెను గారు మొదటి మోతకే ఎత్తారు. జీపు వేసుకుని వచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సైరన్ కూడా వేశారు. ఇవన్నీ ఆయనకు అనుకూలంగా రాస్తున్నాను.

5. ఆ ఇంటి ముందు మగపిల్లలు జీపు చూసి పక్కకు తప్పుకున్నారు. కాప్టెను గారు తలుపు తెరిచారు. లోపల పెళ్ళికూతురిని కూర్చోబెట్టే తెర, తెర వెనక మా అక్క బూట్లు కనబడ్డాయి. గడప మీద తాలాయ్ నాయనమ్మ సాలికా అవ్వ తలకింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది.

"అవ్వా, లేవండి. డ్యూటీ మీద వచ్చాను."

"దాటు నాయనా. బూటు ఇక్కడ, గుండెల మీద పెట్టి దాటు. పెట్టాక మీ అమ్మకు చెప్పు."

"అవ్వా, చట్టం..."

"ఎవరి కొడుకువిరా నువ్వు?"

ఆయన చెప్పారు. తండ్రి పేరు, తాత పేరు, ఆయన తండ్రి పేరు. మాలో పెద్దలు అడిగితే చెప్పకుండా ఉండలేం. అది నాకూ తెలుసు.

"అయ్యో, మా వాడివే! మీ ముత్తాత మా పుట్టింటి చెలమలో నీళ్ళు తాగి పెరిగాడు. ఒసే కోడలా, పిల్లాడికి రొట్టె పట్టుకురా. చలిలో నిలబెట్టారు."

పళ్ళెంలో రొట్టె వచ్చింది. కాప్టెను గారు నా వైపు చూడలేదు. చిన్న ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నారు. రొట్టె ముట్టాక ఆ గుమ్మంలో ఎవరైనా చుట్టమే. ఇక గొంతు పెంచడం కుదరదు.

"అన్నా, కోటు దాటించారు కదా మాతో!" అని అరిచాను.

"కోటు వేరు తల్లీ," అన్నారు.

నేను పరుగెత్తాను. గడప దాకా వెళ్ళాను. నా కాలు లేచింది, ఇవతలే దిగింది. దీనికి కరపత్రాల్లో వివరణ లేదు.

తెర వెనక నుంచి అక్క, "నువ్వెందుకొచ్చావే? స్వెటరైనా వేసుకోలేదు. ఇంటికి పో," అంది. ఎప్పుడూ తిట్టే గొంతుతోనే తిట్టింది. కళ్ళ ముందు నాకు ఆ బూట్లే ఉన్నాయి. ఎడమ బూటు జిప్పు ఊడింది, కుట్టిస్తానని నెల నుంచీ అంటోంది.

6. తిరుగుదారిలో కాప్టెను గారు, "మీ అక్క తన చేత్తో ఫిర్యాదు రాసి స్టేషనుకు తెచ్చిస్తే రేపే కేసు కడతాను," అన్నారు. స్టేషనుకు రావాలంటే బయటకు రావాలి కదా అన్నాను. ఆయన గేరు మార్చారు. సైరన్ వేయలేదు.

సోమవారం బడి బోర్డు మీద కోటు దాటుతున్న ఫోటో అతికించారు. కింద "నమ్మకం నెలకొన్నది" అని ఉంది. ఫోటోలో దాటుతున్నది నేనే. గుల్షాన్ టీచరు గారిని అడిగాను, దాన్ని తీసేయమని. "ఇరుపక్షాలూ శాంతించాయని రిపోర్టు వెళ్ళిపోయిందట కదమ్మా, ఇప్పుడు గొడవెందుకు?" అన్నారు. మా పక్షం అంటే నేను, నాయనమ్మ. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అక్క శాంతించలేదు. ఆ ఇంటి పక్క పిల్ల మా క్లాసే. తెల్ల గుడ్డ తలకు కట్టిన ప్రతిసారీ ఐసులూ లాగి పడేస్తోందని, అన్నం ముట్టడం లేదని చెప్పింది. గుడ్డ తల మీద నిలిస్తే ఒప్పుకున్నట్టే లెక్క. శుక్రవారం పెళ్ళి చదవడానికి ముల్లా వస్తాడు. చేతులు ఎంతకాలం ఎత్తగలదో నాకు తెలియదు.

కావున తమరిని కోరునది ఏమనగా:

(అ) ఈ గురువారం నమ్మకపు గంటను రద్దు చేయవద్దు. కాప్టెను గారు తప్పక రావలెను. ఈసారి కోటు అక్కర్లేదు. మా నాయనమ్మ క్లాసు గడపకు అడ్డంగా పడుకోవడానికి ఒప్పుకుంది. అడిగితే వెంటనే సరే అంది. "తేలిగ్గానే ఉంటానులే, గాలికి ఎగిరిపోకుండా పట్టుకోండి చాలు. నాకు అడ్డం పడుకున్నది మా అత్తగారి అత్త. ఆవిణ్ణి ఎవరూ దాటలేదు, నేనూ దాటలేదు. మీ తాత మంచివాడే. అది వేరే సంగతి," అంది. కాప్టెను గారు ఆమెను దాటడం అందరి ముందూ అభ్యాసం చేసి, అదే బూట్లతో నేరుగా ఆ ఇంటికి వెళ్ళవలెను.

(ఆ) అది వీలు కానిచో, బోర్డు మీద ఫోటో, దాని కింది మాట, తలుపు వెనక నేను రాసుకున్న నంబరు – ఈ మూడింటినీ శాఖ వారే వచ్చి చెరిపివేయవలెను. నేను చెరపను.

ఈ అర్జీని కోపంతో రాద్దామని కూర్చున్నాను. కోపం ఎటో వెళ్ళింది. తిరిగి రాగానే వేరే అర్జీ పెట్టుకుంటాను.

చిత్తగించుటతో ఆగక, లేచి కదలవలెనని ప్రార్థన.

ఇప్పటివరకు తమ విధేయురాలు,
జిబెక్ సాతారోవా

తాజా కలం: పైదంతా నాయనమ్మకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందనుకున్నాను.

"ఆ సాలికాకు ఏళ్ళెన్ని?" అంది.

"డెబ్భై దాటి ఉంటాయి."

"పిల్లకుంక. నేను కోడలిగా వచ్చిననాటికి దానికి ముక్కు చీదుకోవడం రాదు. అది నాకు అడ్డం పడుకుంటుందా? ఉసురు నీళ్ళలాంటిదే పిల్లా, పల్లానికే పారుతుంది. పెద్దదానికి ఎక్కదు. పడుకుంటావా అని అడుగుతావేం, దాటతావా అని అడగవు! నా బూట్లేవీ?"

బూట్లు పొయ్యి దగ్గర పెట్టుకుని వెచ్చబెడుతోంది. కాబట్టి (అ), (ఆ) కోరికలు రెండూ వెనక్కు తీసుకుంటున్నాను. నాయనమ్మ మోకాళ్ళు అంత దూరం నడవవు. గురువారం ఉదయం జీపు ఒక్కటి పంపండి. కాప్టెను గారు కిందికి దిగనక్కర్లేదు, ఎవరి కొడుకో చెప్పనక్కర్లేదు, రొట్టె తిననక్కర్లేదు. ఇంజను ఆపకుండా వెనక తలుపు తీసి ఉంచమనండి. వెనక సీటులో ముగ్గురం పడతాం.