రెండో సంతకం

జంషెడ్‌పూర్

ఆదిబాబు అన్నయ్యకి, నీ చెల్లెలు రాత్తన్నది.

నేను ముఖియా, అంటే మన సర్పంచి లాంటిది, అయ్యాక, పంచాయతీ బిల్లులకి కంప్యూటర్లో రెండు సంతకాలుండాలన్నారు. సంతకం పడడానికి కంప్యూటర్కి గుచ్చీ డాంగిల్ నాకొకటి, పంచాయతీ సెక్రట్రీ సౌరభ్ బాబుకొకటి ఇచ్చారు. ఆయన బిష్టుపూర్ నుంచి రోజూ రాలేక, "దీదీ, ఆప్ పర్ భరోసా హై" అని, నా మీద నమ్మకముందని తనదీ నాకే ఇచ్చీసేడు. రెండూ దేముడి గూట్లో ఎట్టుకుని, రెండు సంతకాలూ నేనే చేసీదాన్ని. నన్ను నమ్మేడని మురిసిపోయేను.

మొన్న ఆడిట్ మేడమ్ వచ్చింది. బిల్లులూ బోరింగులూ అన్నీ సరిపోయాయి. అయినా రెండు డాంగిళ్లూ ఒక్కరి దగ్గరే ఉండడం తప్పని రాసింది. నేను తప్పు చేసేనని కాదంట, చేత్తే ఆపీ మనిషి లేడంట. సౌరభ్ బాబు తన డాంగిల్ పట్టుకుపోయేడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పట్లో గోల్‌మురిలో నువ్వు చూసీ కంపెనీ స్టోరుకి రెండు తాళాలుంటే, ఒకదాని చెవే నీ దగ్గరుండీది. కంపెనీ నిన్ను నమ్మలేదని నేనేడిచేను, నువ్వు నవ్వీవోడివి.

కొత్త బోరింగు మన వాకిట్లోనే వేయించమని మా ఆయన నెలరోజులై పోరుతన్నాడు. నిన్న మళ్లీ అడిగితే, "రెండో సంతకం నా చేతిలో లేదు" అన్నాను. ఆ మాటొదిలీసి అన్నం తినీసేడు.

నాకు జరిగింది అవమానమో, సాయమో తెలీటం లేదు. నువ్వప్పుడు ఎందుకు నవ్వీవోడివో రాయి అన్నయ్యా.