తప్పుకున్న మేనల్లుడు

మార్కాపురం,
12 జూలై 1958.

గోవిందయ్య మామకు మీ మేనల్లుడు నమస్కారాలతో రాయునది.

"నువ్వు ఆఫీసులో ఉండి కూడా మా అబ్బాయి నాగులుకు గుమాస్తా ఉద్యోగం రాలేదంటే ఏంది?" అని అడిగారు. దరఖాస్తుల్లో వాడి పేరు చూసిన రోజే, ఎంపిక పని ఇంకో అధికారికి అప్పగించమని పైవారికి రాసి నేను తప్పుకున్నాను. మీ ఇంట్లో ఉండి, రాములమ్మ అత్త చేతి అన్నం తిని చదువుకున్నవాణ్ణి. వాడి కాగితం నా ముందుకొస్తే మనసు అటే మొగ్గుతుంది.

పరీక్షకు కొనకనమిట్ల వైపు నుంచి పోలమ్మ అనే మేకల కాపరిని పిలిపించారు. మేకలు నీళ్లు తాగే కుంట పూడిపోయిందని ఆమె చెప్పుకుంటే, అందరూ దాన్ని అర్జీగా రాయాలి. కాగితాల మీద పేర్లు లేవు, నంబర్లే. నెగ్గింది సామ్రాజ్యం అనే అమ్మాయి. దొనకొండలో కూలికి పోయే మగ్దలీనమ్మ కూతురు.

ఆ అమ్మాయి రాసిన కాగితం నాగులు అడిగి చదివాడు. తర్వాత నాతో, "నా అక్షరాలు ముత్యాలే గాని, కుంట ఏ ఊర్లో ఉందో రాసేది మర్చినా బావా. ఆ పాప కాగితం పట్టుకుంటే ఎవరైనా నేరుగా కుంట కాడికి పోతారు" అన్నాడు.

వాడు మా ఇంట్లోనే ఉండి వచ్చే పరీక్షకు చదువుతానంటున్నాడు. మీరు సరేనంటే చాలు. అప్పుడూ నేను తప్పుకుంటాను. అయినా వాడు నెగ్గుతాడు మామా.

మీ మేనల్లుడు