బ్రేకు రాసే మీటరు

నర్సీపట్నం,
ఆగస్టు 4

తాతాజీ బాబాయ్‌కి,

నా మీద ఎంత మండిపడుతున్నా ఇది చివరిదాకా చదువుతావని నమ్మి పుష్ప రాస్తున్నది.

ఫోను ఎత్తడం మానేసావు కాబట్టి ఉత్తరం. మెకానిక్ షెడ్డుకి తాళం వేసి ఏటికొప్పాకలో సింహాద్రమ్మ పిన్ని పుట్టింట్లో కూర్చున్నావని నిన్ననే తెలిసింది. స్కూలు వ్యాన్ల వాళ్ళు నీ దగ్గరికి రావడం మానేసారట. అదంతా నా వల్లేనని ఊరు అంటోంది. అననీ. రేసు ట్రాకు మీద నూటముప్పై స్పీడులో మలుపు ముందు బ్రేకు తొక్కితే, ఆగకుండా పక్కనున్న కంకర్లోకి పోయింది నా కారు. మణికట్టు విరిగింది నాకు. అంతకు వారం ముందే ఆ బ్రేకులు చేసింది నువ్వు. "బ్రేకు పట్టలేదు, మా ఊళ్ళో చేయించాను" అని అక్కడ ఒక్క మాట అన్నాను. ఎవరో ఫోన్లో తీసారు. కారు పోవడమూ, నా మాటా కలిపిన ఆ వీడియో మన ఊరి గ్రూపులన్నీ తిరిగింది. తిప్పమని నేను చెప్పానా?

షెడ్డులో అందరి ముందూ నువ్వన్న మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. "నా పనిలో తప్పుందని తేల్సు. తేలిందంటే ఇంక ఎవడి బండి మీదా సెయ్యెట్టను. ఏదో మీటరు కొంటానంటన్నావు గదా, బ్రేకు రాసేదే కొను!"

వచ్చే నెల మళ్ళీ ట్రాక్ డే ఉంది. పందెం కాదు, సొంత కారు ట్రాకు మీద తోలుకోవడమేనని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు రేసనే అంటావు. దాని కోసమే డేటా లాగర్లు, అంటే కారు తోలిన తీరు రాసిపెట్టే మీటర్లు, చూస్తున్నాను. ఫోన్లో పనిచేసేది ఒకటుంది. అది నేనెక్కడున్నానో సెకనుకి ఒకసారే చూస్తుంది, ఆ సెకనులో నా కారు నలభై గజాలు పోతుంది. ఇంక అద్దానికి అతికించే చిన్న పెట్టె. సెకనుకి ఇరవై ఐదుసార్లు స్పీడు రాస్తుంది, ముందు రౌండు కంటే మెరుగో కాదో తోలుతుండగానే చెబుతుంది, బ్రేకు సంగతి మాత్రం రాయదు. నాలాంటివాళ్ళకి అది చాలని అందరూ అంటారు. ఆఖరిది ఉంది చూడు, బ్రేకు పైపులో సెన్సారు బిగిస్తే నా కాలు ఎప్పుడు తొక్కిందో, ఎంత గట్టిగా తొక్కిందో, ఎప్పుడు వదిలిందో గీత గీసి పెడుతుంది.

చిన్న పెట్టెకే ఆర్డరు పెట్టబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగానో తెలీదు. అబద్ధం, తెలుసు గాని రాయను. బ్రేకు రాసేదే కొంటున్నాను. నువ్వే వచ్చి సెన్సారు బిగించు. నిజం నీ కళ్ళముందే తేలాలి.

ఇంకా కోపంగానే,
పుష్పవతి

———

నర్సీపట్నం,
సెప్టెంబరు 16

బాబాయ్,

ఈసారి నమస్కారం పెట్టడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నువ్వు రాలేదు. యలమంచిలిలో వేరే మెకానిక్ చేత సెన్సారు బిగించాను. అతను చక్రాలు విప్పి చూసి, "ఇదెవలు సేసారు మేడమ్? ఇంత నీటుగా సేసినోడు దొరికితే మా షెడ్డుకి తెచ్చీసుకుంటాం" అన్నాడు. ట్రాకు దాకా పదహారు గంటలు కారు తోలుకుంటూ పోయాను, దారంతా అదే మాట.

ట్రాకు మీద ధర్మతేజ అని మాకు నేర్పే ఆయన ఉన్నాడు. నేను ఐదు రౌండ్లు వేసాక, అదే కారులో, నీ బ్రేకుల మీదే ఆయన ఐదు రౌండ్లు వేసాడు. తరవాత రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి లాప్‌టాప్‌లో చూపించాడు. ఆయన గీత ఒక్కసారి గోడలా లేచి, మలుపులోకి మెల్లగా దిగింది. నాది రంపప్పళ్ళు. లేచింది, పడింది, లేచింది, పడింది. ఒక్కొక్క మలుపుకీ నాలుగు పళ్ళు. పడిన ప్రతిసారీ కారుకి బ్రేకే లేదు.

"ఇలా తొక్కడం ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు.

చింతపల్లి ఘాట్ మీద నేర్చుకున్నాను బాబాయ్. నీ పక్కన కూర్చుని. "తొక్కి పట్టుకోకు, కాలిపోతాది. కొట్టి ఒగ్గీ, కొట్టి ఒగ్గీ" అని నువ్వు డాష్‌బోర్డు మీద అరచేత్తో తాళం వేసేవాడివి. చింతపల్లి కాలేజీలో పాఠాలు చెప్పడానికి పదకొండేళ్ళుగా అదే తాళంతో రోజూ కొండ ఎక్కి దిగుతున్నాను. ట్రాకు మీదా నా కాలు అదే చేసింది.

ఇప్పుడు, పోయిన ఉత్తరంలో రాయనన్న ఆ మాట. తప్పు నీ బ్రేకులది కాదని ప్రమాదం జరిగిన నిమిషంలోనే నాకు తెలుసు. బ్రేకు చెడితే పెడలు మెత్తగా కిందికి పోతుంది. నాది పోలేదు, తొక్కిన ప్రతిసారీ గట్టిగానే పట్టింది. కారు దిగగానే చుట్టూ చేరిన మగాళ్ళు నవ్వారు. ఒకడు "కొండ జీపు అనుకున్నారేమో మేడమ్" అన్నాడు. ఆ నవ్వు ఆపడానికి నోటికొచ్చింది అనేసాను. నా పరువు కాపాడుకోవడానికి నీ ముప్పై ఏళ్ళ పేరు తీసుకెళ్ళి కంకర్లో పారేసాను. గీత కనబడకపోతే అబద్ధం నిలబడుతుందని ఆ చిన్న పెట్టె కొనబోయాను.

రెండు గీతలూ, నా తప్పూ, నా గొంతుతోనే వీడియో చేసి ఈ పొద్దున్న ఊరి గ్రూపులన్నిటిలో పెట్టాను. స్కూలుకి వెళ్ళి వ్యాన్ల వాళ్ళకి ఎదురుగా చెప్పాను. క్షమించమని అడగను. షెడ్డు తీయమని అడుగుతున్నాను.

నీ
పుష్ప

———

ఏటికొప్పాక,
సెప్టెంబరు 20

పుష్పమ్మకి బాబాయ్ దీవెనలు.

నీ ఉత్తరం మీ పిన్ని సదివింది, నాను సెప్తంటే తనే ఇది రాత్తంది. ఏడవకు. నాకు ముందే తెలుసు. ఆ వీడియోలో కారు ఎనకాల, బ్రేకు తొక్కితే ఎలిగే ఎర్రలైటు నాలుగుసార్లు ఎలిగింది, నాలుగుసార్లు ఆరింది. అది నా తాళమే.

మరెందుకు సెప్పలేదంటావు. సెప్తే తప్పించుకోడానికి అంటన్నానని అనుకుందువు. అందికే బ్రేకు రాసే మీటరు కొనమన్నాను. ఇంకోటి కూడా ఉంది, అది ఇప్పటిదాకా మీ పిన్నికి కూడా సెప్పలేదు. నాను నేర్పిందే నిన్ను కంకర్లోకి తోసింది గదా అని సిగ్గేసింది. నువ్వు షెడ్డు మూయించావని ఊరనుకుంది. నామోషీతో నానే మూసేసుకున్నాను.

సోమారం పొద్దున్నే బేగి వచ్చీసి తాళం తీత్తాను. నిమ్మకాయలు నువ్వు తే, నీ కారు టైర్ల కింద పెడదాం. ట్రాకు మీద ఒక్కసారే ఎలా తొక్కాలో నాకు నువ్వు నేర్పు. కానీ ఆ మీటరు ఇప్పకు. కొండ దిగినప్పుడూ ఉంచు, సాయంత్రం నాకు తెచ్చి సూపించు. అక్కడ రంపప్పళ్ళు కనబడకపోతే నీ సెవి మెలేస్తాను.

నీ బాబాయ్,
తాతాజీ