నాయిన మోకు మీద నా సంతకం

కోరుట్లలో ఉన్న మా అక్కకు తమ్ముడు శేఖర్ దండం పెట్టి రాస్తున్నది.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? బీడీలు చుట్టీ చుట్టీ నీ మెడ పట్టేస్తోందని అవ్వ చెప్పింది, ఇప్పుడెలా ఉంది? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, రంది పెట్టుకోకు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. నేను ఫోన్ చేస్తే మీ ఇంట్లో స్పీకర్ పెట్టుకుని అందరూ వింటారు. ఇది మాత్రం ముందు నువ్వొక్కదానివే చదవాలి. కోరుట్ల సత్తన్న సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

ఇక్కడ షార్జాలో బయట నిప్పులు. నేను పనిచేసే గోదాంలో మాత్రం వణుకు. చేపలు, కూరగాయలు పెట్టే చల్లటి గోదాం అది. మందపాటి కోటు వేసుకుని పెట్టెలు దింపుతాను. తిండికి లోటు లేదు, ఖుబూస్ రొట్టె, పప్పు. నువ్విచ్చిన మామిడి తొక్కు అడుక్కి వచ్చింది, సత్తన్న తిరిగొచ్చేటప్పుడు ఇంకో డబ్బా పంపు. గదిలో ఆరుగురం ఉంటాం. అయినా మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్కడు లేడు.

ఇక అసలు సంగతి. పోయిన సోమవారం యూనివర్సిటీలో మా హిస్టరీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక మేడం ఫోన్ చేసింది. కొత్తగా వచ్చిందట, పాత సంగతులు తెలియవు. "కంగ్రాచులేషన్స్ శేఖర్! మన విజేతల గోడ మీద మీ ఫొటో పెడుతున్నాం" అంది. అక్కడ చదివి పైకొచ్చిన వాళ్ల ఫొటోలట. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసినా ఎమ్మే అక్కడే పాసయ్యాను కాబట్టి నేనూ లెక్కలోకి వస్తానట. ఫొటో కింద 'విదేశాల్లో సరుకు రవాణా నిపుణుడు' అని రాశారట. చేపల పెట్టె చంకలో పెట్టుకుని విన్నాను అక్కా. నిపుణుడినట, నా మొహం!

అంతటితో ఆగలేదు. వచ్చే నెల సిరిసిల్లలో జనం కోసం మళ్లీ ప్రదర్శన పెడుతున్నారు. మగ్గాలు, బీడీ చేటలు, మధ్యలో అద్దాల పెట్టెలో మన నాయిన నడుముకు కట్టుకుని తాడి చెట్టెక్కిన మోకు. నాయినకు శాలువా కప్పుతారట, వీర్నపల్లికి కారు పంపుతారట. నేను ఇక్కడి నుంచి వీడియోలో మాట్లాడాలట. ఏం చెప్పాలో తేల్చుకోకముందే మరునాడు నాయిన ఫోన్ చేశాడు.

"కారు పంపుతరట్రా. నా మోకు ఇస్తరట."

"ఇస్తరని ఎవరన్నరు నాయినా?"

"శాలువా కప్పుతమన్నోళ్లు మోకు ఇయ్యకుంట ఉంటరా? గట్లెట్లయితదిరా! నేనింక చెట్టు ఎక్కనని నాకెర్కే. కాటమయ్య పండుగకు మనోళ్లందరి మోకులు దేవుని ముంగట ఉంటున్నయి, నాదొక్కటే లేదు. గీసారి పెడ్త."

"సరే నాయినా" అన్నాను. ఫోన్ పెట్టేశాను. పిరికివాడిని అక్కా, వట్టి పిరికివాడిని.

నీకు తెలియని మాట ఇప్పుడు చెబుతున్నాను. అప్పట్లో యూనివర్సిటీలో ప్రదర్శనకని, రెండు వారాల్లో తెచ్చిస్తానని నాయినకు మాటిచ్చి మోకు పట్టుకెళ్లాను కదా. ప్రదర్శన అయిపోయిన రోజు అక్కడి సారు ఒక కాగితం ముందు పెట్టాడు. శాశ్వతంగా ఇచ్చినట్టు రాసిస్తే నా పరిశోధనకు మంచిదన్నాడు. చదివే సంతకం పెట్టాను. నాయినకు కొత్త మోకు చేయిద్దాంలే అనుకున్నాను. ఆ లోపే ఆయన పెంటయ్య మామ మోకు అడిగి తెచ్చుకుని చెట్టెక్కాడు. ఒకరి మోకు ఇంకొకరి నడుముకు కుదరదని మన వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎమ్మే చదివిన నాకు తెలియదా? మూడో చెట్టు మీద జారాడు. తుంటి విరిగింది. "యూనివర్సిటోళ్లు మోకు తిప్పి ఇయ్యలే, గందుకే గిట్లయింది" అని మీరంతా వాళ్లను తిట్టారు. మీతో కలిసి నేనూ తిట్టాను. ఆ తర్వాత అక్కడ ఉండలేకనే ఇక్కడికి వచ్చిపడ్డాను.

ఇంకో పాపం ఉంది. అద్దాల పెట్టెలోని చీటీ కూడా నేను రాసిందే. 'తాడి చెట్టు ఎక్కే మోకు. ఎర్ర గుడ్డ: అలంకరణ.' నీకు గుర్తుంది కదా, నాయిన నడుము ఒరుసుకుపోయి నెత్తురొస్తుంటే అవ్వ తమ పెళ్లినాటి చీర చింపి మోకుకు చుట్టిన గుడ్డ అది. అంత పెద్ద సార్ల ముందు అవ్వ చీర సంగతి రాయడానికి సిగ్గుపడ్డాను.

అక్కా, నీకు మొక్కుతాను, కారు రాకముందే నువ్వు వీర్నపల్లి పో. నాయినకు ఈ ఉత్తరం చదివి వినిపించు. శాలువా కప్పించుకుని ఉత్త చేతులతో ఇంటికొచ్చే గతి ఆయనకు పట్టకూడదు. అయినా పోతానంటే నువ్వూ వెంట పో. ఆ రోజు వీడియోలో అందరి ముందూ చెబుతాను, ఆ మోకు నాది కాదు, ఇచ్చే హక్కు నాకు లేదు అని. గోడ మీద ఫొటో పీకేస్తే పీకేయనీ. మోకు ఇస్తారన్న ఆశ నాకు లేదు, కాగితం వాళ్ల దగ్గరుంది. ఇవ్వకపోతే, ఆ చీటీలో అలంకరణ అన్న మాటైనా కొట్టేయించు. అవ్వ చీర అని నీ చేతితో రాయి. నాయిన తిడితే తిట్టనివ్వు. తిట్టకుండా ఊరుకుంటే మాత్రం నాకు వెంటనే చెప్పు, అదే నాకు భయం.

మెడకు వేడి కాపడం పెట్టుకో. బావకు, పెంటయ్య మామకు నా దండాలు. పిల్లలకు నా ముద్దులు. నా బదులు అవ్వ కాళ్లకు నువ్వు మొక్కు. నాయిన కాళ్లకు మాత్రం మొక్కకు. అది నేనే వచ్చి మొక్కాలి.

నీ తమ్ముడు
శేఖర్