అంబాసిడర్ తలుపు

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. దండం పెట్టుకోవాల్సిన దినం నీ మీద కోపంగా ఉండాది.

మదనపల్లె డాక్టరు పాత అంబాసిడర్ మన పుంగనూరు షెడ్డుకొచ్చింది. అడుగు రేకంతా తుప్పు, కాలు పెడితే నేలకి తగుల్తాది. తొందరపడి రెండు పక్కలా ఒకేసారి కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసినా. బాడీ నడుమ కుంగి, ఇప్పుడు ఏ తలుపూ సరిగ్గా మూసుకోవడం లేదు. మూడుసార్లు కోసి మళ్ళా అతికించినా అంతే. నువ్వెప్పుడూ ఒక పక్క అయినాకే ఇంకో పక్క కోస్తాంటివి. అట్ల ఎందుకు కోయాల్నో ఒక్కనాడూ చెప్పలేదు.

మధ్యాన్నం వదిన నీకు పెట్టిన వడలు తెచ్చింది. నేను పెయింటు కలుపుతాండే నీ పాత కట్టె సూసి, "ఇది తలుపు ఖాళీకి అడ్డం పెట్టి సూసుకోకుండా మీ అన్న రేకు కోసేవాడే కాదు గదప్పా" అనింది.

కట్టె మీది రంగు గీకినా. అడుగున 'అంబాసిడర్' అని కత్తితో చెక్కిన నీ రాత. తలుపు ఖాళీలో అడ్డం పెడితే ఇమడలేదు, కట్టె బొటనవేలంత ఎక్కువైంది.

నువ్వు చెప్పలేదు, సరే. ఏడాదిగా చేతిలో పట్టుకొని నేనూ సూడలేదు.